నాన్నగారి డీటీపీ కంప్యూటరులో నేటి వెబ్: పని డైరీ

నవంబరు 3, 2024, ఆదివారం

నాన్నగారు గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ సెంటరు నడిపిన రోజుల్లో, 2001లో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటరు ఇది. 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3 ప్రాసెసరు, ఇంటెల్ 815 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 256 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్కు, 15 అంగుళాల పాత గాజు మానిటరు, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. సెంటరు మూసేసి చాలా ఏళ్లయినా, తెలిసినవాళ్ల శుభలేఖలూ ఉగాది కవి సమ్మేళనాల కరపత్రాలూ ఆయన ఇప్పటికీ దీని మీదే, అచ్చుకు పేజీలు కూర్చే పేజీమేకరు అనే ప్రోగ్రాములో కూర్చి ఇస్తారు. 'అను' అనే తెలుగు ఫాంట్లు, 'యాపిల్' అనే తెలుగు కీబోర్డు వరుస ఆయన వేళ్లకు ఎంతగా పట్టుబడ్డాయంటే, కొత్త ల్యాప్‌టాప్ కొనిపెడతానని నేను అన్న ప్రతిసారీ ఆయన మాట మార్చేస్తారు.

దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు ఆయన అడిగింది చిన్న కోరికే. "పద్యంలో ఒక పాదం సరిచూసుకోవాలంటే ఫోను తీయాలి, కళ్లద్దాలు మార్చాలి, మళ్లీ ఇటు తిరగాలి. అదేదో ఇందులోనే కనిపించేలా చేయలేవా అమ్మాయ్?" అన్నారు. రోజంతా తెలుగును అచ్చుకు సిద్ధం చేసే యంత్రం వెబ్‌లోని తెలుగు పుటను ఒక్కటి కూడా చూపలేకపోవడం నాకూ వింతగా తోచింది. అందుకే ఈ పని మొదలుపెట్టాను.

నేను పెట్టుకున్న నియమాలు మూడు. ప్రాసెసరునూ మదర్‌బోర్డునూ మార్చకూడదు. పేజీమేకరు నడుస్తున్న విండోస్ 98ను కదపకూడదు. తెలుగు వికీపీడియాలోని ఒక వ్యాసాన్ని నాన్నగారు ఈ గాజు తెర మీద, నా సాయం లేకుండా, మొదటి నుంచి చివరి దాకా చదవగలిగితేనే పని పూర్తయినట్లు.

సీపీయూ డబ్బా తెరవగానే దుమ్ము కంటే ముందు కనిపించినవి ప్రాసెసరు పక్కన పైకి ఉబ్బిన నాలుగు కెపాసిటర్లు. ఆ కాలపు బోర్డుల్లో ఇది తరచుగా కనిపించే జబ్బే. అదే విలువ, అదే వోల్టేజి ఉన్నవి తెచ్చి మార్చాను. పాత టంకం సులువుగా కరగకపోవడంతో ఒక్కొక్కదానికి పావుగంట పట్టింది. ర్యామ్ ముక్కలను తీసి, బంగారు రంగు పళ్లను మామూలు పెన్సిలు రబ్బరుతో తుడిచి పెట్టాను. పేరుమోసిన శుభ్రపరిచే ద్రావకాలు ఎన్ని వచ్చినా మన ఊళ్లలో మెకానిక్కులందరూ చేసే ఈ వైద్యం నన్ను ఇంతవరకు నిరాశపరచలేదు.

నవంబరు 4, సోమవారం

హార్డ్ డిస్కు తిరిగేటప్పుడు కీచుమంటోంది కనుక దానిలోని సమస్తాన్నీ 32 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు నకలు చేసి, ఆ కార్డును ఐడీఈ అడాప్టరు ద్వారా తగిలించాను. విండోస్ 98 తేడా గుర్తించకుండానే లేచింది. పేజీమేకరు మునుపటి కంటే త్వరగా తెరుచుకుంటోందని నాన్నగారు అన్నారు. అసలు డిస్కును కవరులో చుట్టి, తేదీ రాసి, బీరువాలో పెట్టాను. ఇరవై ఏళ్ల పని అందులో ఉంది. నెట్‌వర్కు కోసం రియల్‌టెక్ 8139 చిప్ ఉన్న పాత పీసీఐ కార్డు ఒకటి పెట్టెలో దొరికింది, దాని డ్రైవరు సీడీ కూడా దొరకడం అదృష్టమే.

నవంబరు 9, శనివారం

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6తో మొదలుపెట్టాను. ఏ చిరునామా కొట్టినా పుటను చూపలేమన్న తెల్లని సందేశమే తప్ప ఇంకేమీ రాలేదు. తర్వాత విండోస్ 98 మీద నడిచే ఫైర్‌ఫాక్స్‌లలో చివరిదైన 2.0.0.20ను పెట్టాను. ఇది 2008 డిసెంబరు నాటిది. ఫలితం అదే. ఇలాంటి చోట చాలామంది "పాత ప్రాసెసరు కదా, లాగలేదు" అని సరిపెట్టుకుంటారు గానీ, పుట రావడం ఆలస్యం కావడం వేరు, అసలు రాకపోవడం వేరు. రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఈ పని ఎప్పటికీ తెమలదు.

నా ల్యాప్‌టాప్‌ను మధ్యలో పెట్టి, తీగ మీద వెళ్లే ప్యాకెట్లను పట్టి చూశాను. బ్రౌజరు పంపిన మొదటి పలకరింపులో వెర్షను స్థానంలో 03 01 అని ఉంది, అంటే వెబ్ సంభాషణను గుప్తీకరించే పద్ధతి అయిన టీఎల్ఎస్‌లో 1.0 వెర్షను. అటు సైటు నుంచి వచ్చిన జవాబు మొత్తం ఏడు బైట్లు: 15 03 01 00 02 02 46. మొదటి 15 ఇది హెచ్చరిక అని చెబుతుంది, చివరి నుంచి రెండోదైన 02 ఇది ప్రాణాంతకమైన హెచ్చరిక అంటుంది, పదహారు మూలంగా రాసిన చివరి 46ను మామూలు దశాంశ సంఖ్యలోకి మార్చితే 70, అంటే "నీ ప్రోటోకాల్ వెర్షను నాకు వద్దు" అని అర్థం. ఆ ఏడు బైట్లతో సంభాషణ ముగిసింది. పుటలోని ఒక్క అక్షరం కూడా ఈ ప్రాసెసరు దాకా రాలేదు కనుక, అది నిదానమా వేగమా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు.

దీని వెనుక కథ తెలిసిందే. టీఎల్ఎస్ 1.2 ప్రమాణం 2008లో, 1.3 ప్రమాణం 2018లో వచ్చాయి. 2020లో ప్రధాన బ్రౌజర్లు 1.0నూ 1.1నూ పక్కన పెట్టాయి, 2021 మార్చిలో ఆ రెండింటినీ వాడకూడదని ప్రమాణ పత్రమే వచ్చింది. వికీపీడియా 2015 నుంచి గుప్తీకరించిన దారిలోనే పుటలు ఇస్తోంది. కనుక విండోస్ 98 మీది బ్రౌజరుకు తలుపు దగ్గరే అడ్డు పడుతోంది.

నవంబరు 10, ఆదివారం

రెట్రోజిల్లా అనే బ్రౌజరు ఉంది. పాత మొజిల్లా సూట్ వంశానికి చెందిన కోడును తీసుకుని, విండోస్ 95, 98ల మీద నడిచేలా ఉంచుతూనే టీఎల్ఎస్ 1.2ను జోడించిన ఔత్సాహికుల ప్రయత్నం అది. దాన్ని పెట్టాక ఏడు బైట్ల తిరస్కారం పోయి, సైటు గుర్తింపు పత్రమైన సర్టిఫికెటు ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్న కొత్త గొడవ మొదలైంది. ఏ సైటుకు వెళ్లినా అదే మాట. గంటసేపు గుప్తీకరణ సెట్టింగులను ఒక్కొక్కటిగా తిప్పి చూశాను, రెండుసార్లు బ్రౌజరును తీసి మళ్లీ పెట్టాను. కాఫీ తెచ్చిన నాన్నగారు తెర కుడివైపు మూలన చూసి, "ఇది ఇంకా 2000 జనవరి ఒకటిలోనే ఉంది. దీని లెక్కన నువ్వు అయిదో తరగతి చదువుతున్నావు" అన్నారు. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. దాన్ని మార్చడం మరచిపోయి గుప్తీకరణను తిట్టుకున్నాను. ఇరవై రూపాయల బ్యాటరీ పెట్టి తేదీ సరిచేయగానే ఆ గొడవ పోయింది.

దాని కింద మరో పొర ఉంది. ఇప్పటి సైట్లలో చాలా వాటి సర్టిఫికెట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థవి. ఒక సర్టిఫికెటుకు మరొకటి హామీ ఇచ్చే ఆ గొలుసుకు మూలమైన ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 2015లో పుట్టింది కనుక పాత బ్రౌజర్లు నమ్మే మూలాల జాబితాలో అది ఉండదు. కొన్నేళ్లపాటు పాత యంత్రాలకు ఊతంగా నిలిచిన డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది. అందుకే రూట్ సర్టిఫికెటును ల్యాప్‌టాప్‌లో దింపుకుని, దాని గుర్తుసంఖ్య (ఫింగర్‌ప్రింట్) సరిచూసి, ఈ బ్రౌజరులో చేత్తో చేర్చాను. సాదాగా రాసిన కొన్ని ఇంగ్లీషు పుటలు తెరుచుకున్నాయి. గాజు తెర మీద 2024 నాటి పుట కనిపించేసరికి ఇద్దరమూ కాసేపు పని ఆపి చూస్తూ కూర్చున్నాం.

ఇక తెలుగు సంగతి. ముందు ఇంట గెలుద్దామని, ల్యాప్‌టాప్‌లో చిన్న పుట ఒకటి రాసి, గుప్తీకరణ లేకుండా ఇంట్లోనే వడ్డించాను. అందులో నాలుగే మాటలు: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ. తెర మీద వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. విండోస్ ఎక్స్‌పీ నుంచి గౌతమి అనే తెలుగు ఫాంటు ఫైలును తెచ్చి ఫాంట్ల ఫోల్డరులో వేస్తే ప్రశ్నార్థకాలు పోయి అక్షరాలు వచ్చాయి గానీ, అవి స, త, ర, ఆ పక్కన వేలాడే గుడి దీర్ఘం, మధ్యలో పొల్లులుగా విడివిడిగా నిలబడ్డాయి. నాన్నగారు దాన్ని చూసి, "అచ్చు పెట్టె బోర్లా పడ్డట్టుంది" అన్నారు.

నిజానికి అది సరైన వర్ణనే. ప్రతి అక్షర సంకేతానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో "స్త్రీ" అన్నది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. వాటిని ఒక్క అక్షరంగా మలిచి, తకారాన్నీ రకారాన్నీ వత్తులుగా కిందికి దించే పని ఫైలులో ఉండదు, చూపించే వ్యవస్థ చేయాలి. విండోస్ 98కు తెలుగు విషయంలో ఆ విద్య రాదు. మరి ఇదే యంత్రం పాతికేళ్లుగా తెలుగును ఎలా కూర్చింది? అను ఫాంట్లు తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. విండోస్ దృష్టిలో అది ఏదో అర్థంలేని ఇంగ్లీషు వరుస మాత్రమే. ఆ ముక్కలను తెలుగుగా పేర్చేది ఆపరేటరు వేళ్లూ, వాటి వెనుక ఉన్న కీబోర్డు ప్రోగ్రామూ. అంటే ఈ కంప్యూటరు తెలుగును ఏనాడూ తెలుగుగా ఎరగదు. ఆ ముక్క చెబితే నాన్నగారు కొంచెం నొచ్చుకున్నారు.

98 మీద విండోస్ 2000, ఎక్స్‌పీల ప్రోగ్రాములు కొన్నింటిని నడిపించే కెర్నెల్‌ఎక్స్ అనే పొర ఉందని తెలుసు. కానీ అది వ్యవస్థ లోపలి ఫైళ్ల జోలికి వెళుతుంది. పేజీమేకరు చక్కగా నడుస్తున్న యంత్రం మీద నేను ఆ సాహసం చేయను.

నవంబరు 16, శనివారం

98 కార్డును పక్కనపెట్టి, మరో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 వేశాను. ర్యామ్‌ను 512 ఎంబీకి పెంచాను. 815 చిప్‌సెట్ అంతకు మించి తీసుకోదు. ప్రాంతీయ సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెడితే సీడీ అడిగి, తెలుగు సిద్ధం చేసింది. పరీక్ష పుటలోని నాలుగు మాటలూ మొదటిసారే సరిగా వచ్చాయి.

ఇక్కడ మూడో గోడ ఎదురైంది. పెంటియం 3లో ఒకేసారి పలు సంఖ్యల మీద లెక్క చేసే ఎస్ఎస్ఈ అనే ప్రాసెసరు సూచనలు ఉన్నాయి గానీ, వాటి తర్వాతి తరమైన ఎస్ఎస్ఈ2 లేవు. అవి 2000 చివర్లో పెంటియం 4తో వచ్చాయి. విండోస్ ఫైర్‌ఫాక్స్ 2016లో, 49వ వెర్షను నుంచి, ఎస్ఎస్ఈ2ను తప్పనిసరి చేసింది. కాబట్టి ఎక్స్‌పీకి 52 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సవరణలు అందే రకం) దాకా వచ్చినా ఈ ప్రాసెసరుకు అది పనికిరాదు. పట్టుదలకు పోయి 52ను విప్పి నడిపితే కిటికీ తెరుచుకోకుండానే మూతపడింది. ప్రాసెసరుకు అర్థం కాని సూచన ఒక్కటి ఎదురైనా అంతే. నిదానంగానైనా చేస్తానని బతిమాలే అవకాశం దానికి లేదు. కనుక 45.9 ఈఎస్ఆర్‌తో సరిపెట్టుకున్నాను. దీనికీ ఐఎస్ఆర్‌జీ రూటును చేత్తోనే ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ దాన్ని 50 నుంచి గానీ నమ్మలేదు.

తెలుగు వికీపీడియా వచ్చింది. మొదటి పుట పూర్తిగా నిలబడడానికి 26 సెకన్లు పట్టింది, వ్యాసాలకు 15 నుంచి 20. చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ వార్తల సైట్లలో సగం తెల్లగా ఉండిపోయాయి, మిగిలినవాటిలో శీర్షికలు, బొమ్మలు, ప్రకటనలు ఒకదాని కింద ఒకటి కుప్పగా పడ్డాయి. పుటను గడులుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్, జావాస్క్రిప్టులోని అసింక్ రాత ఫైర్‌ఫాక్స్‌లో 52తోనే వచ్చాయి. ఇవాళ్టి సైట్లు అవి ఉన్నాయనే భరోసాతో రాసినవి.

ఎస్ఎస్ఈ2 లేని ప్రాసెసర్ల కోసం ఔత్సాహికులు కూర్చిన న్యూ మూన్ బ్రౌజరునూ పెట్టి చూశాను. కుప్పలు సర్దుకున్నాయి. అయితే ఒక వార్తల సైటు తెరవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఆ నాలుగు నిమిషాలూ ర్యామ్ నిండిపోయి కార్డు మీద రాతలు సాగుతూనే ఉన్నాయి. ప్రాసెసరు నిదానం అన్న మాటకు అసలైన చోటు ఇదే. ఇంతకు ముందు వచ్చిన అడ్డంకుల్లో దాని తప్పు లేదు.

సాయంత్రం నాన్నగారికి ఇదంతా ఉత్సాహంగా చూపించాను. ఆయన ఓపికగా విని, "అంటే పేజీమేకరు మూసి, డబ్బా ఆపి, కార్డు మార్చి, పద్యం చూసుకుని, మళ్లీ కార్డు మార్చాలా?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మొదటి రోజు నేనే రాసుకున్న రెండో నియమాన్ని నేనే మరిచాను.

నవంబరు 24, ఆదివారం

98 కార్డు తిరిగి డబ్బాలోకి వచ్చింది. ఈసారి బరువును ఇంకొకరి మీద పెట్టాను. అటక మీదున్న, స్క్రీను పగిలిన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, వెబ్ రెండరింగ్ ప్రాక్సీ అనే ప్రోగ్రామును పెట్టాను. అది లోపల తెర లేని క్రోమియం బ్రౌజరును నడిపి, పుటను పూర్తిగా గీయించి, ఒక జిఫ్ బొమ్మగా మార్చి 98కు పంపుతుంది. బొమ్మ మీద ఎక్కడ నొక్కితే ఆ చోటు కొలతలు తిరిగి ల్యాప్‌టాప్‌కు వెళతాయి, అక్కడి క్రోమియం అదే చోట నొక్కుతుంది. బొమ్మను చూపి, నొక్కిన చోటును తిప్పి పంపడం తొలి తరం బ్రౌజర్లకు కూడా తెలిసిన పని కనుక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కు ఏ కష్టమూ లేదు. టీఎల్ఎస్, సర్టిఫికెట్లు, ఎస్ఎస్ఈ2, జావాస్క్రిప్టు, వత్తులు అన్నీ అటువైపే తేలిపోతాయి.

చిరునామా గడిలో తెలుగు వికీపీడియా కొట్టి ఎంటరు నొక్కాను. నాలుగు సెకన్లలో పుట వచ్చింది, అక్షరాల చోట అన్నీ ఖాళీ డబ్బాలతో. ఒక్క క్షణం 98నే అనుమానించాను. తీరా చూస్తే కొత్తగా వేసిన లినక్స్‌లో ఒక్క తెలుగు ఫాంటు కూడా లేదు. తెలుగు రాని యంత్రం అని ఇన్నాళ్లూ పాతదాన్ని అన్నాను, కొత్తదీ అదే వరుస.

నోటో సాన్స్ తెలుగు వేయగానే పుట నిండుగా వచ్చింది. నేను లేచి చప్పట్లు కొట్టబోతుంటే నాన్నగారు తెరకు దగ్గరగా వంగి, "ఈ గీత అంతా ఒకే మందం. వత్తు పై అక్షరానికి అంటుకుపోయింది చూడు" అని, కృష్ణలోని ణ వత్తు మీద వేలు పెట్టారు. ముప్పై ఏళ్లు ఫిల్ము మీద ప్రూఫులు చూసిన కన్ను అది. పోతన2000 వేశాం, బాగుందన్నారు గానీ ఈ తెర మీద సన్నగా ఉందన్నారు. సూరన్న వేశాం. చివరికి మండలి దగ్గర ఆగారు. ఏ పుటకైనా తెలుగు వచ్చినప్పుడు మండలినే వాడమని ఫాంట్ల అమరికలో రాసిపెట్టాను. 256 రంగుల జిఫ్‌లో అక్షరాల అంచులు కొంచెం గరుకుగా వస్తున్నాయి. పెద్దగా చూపే కొలతను 1.3కు పెంచితే వత్తులు విడిగా తేలాయి.

పొడవు సున్నా పెడితే మొత్తం వ్యాసాన్నీ ఒకే బొమ్మగా ఇస్తుంది. అది బాగుంటుందనుకున్నాను. ఒక పెద్ద వ్యాసం 1000 చుక్కల వెడల్పు, 14000 చుక్కల పొడవుతో వచ్చింది. జిఫ్‌గా చిన్నదే అయినా చుక్కకు మూడు బైట్ల చొప్పున విప్పితే 42 ఎంబీ అవుతుంది. పేజీమేకరు కూడా తెరిచి ఉండడంతో 98 బిగుసుకుపోయి, రీస్టార్టు చేయాల్సి వచ్చింది. అచ్చు కాని శుభలేఖ ఒకటి అప్పటికి సేవు కాలేదు. ఆ అరగంట పనిని నాన్నగారు మళ్లీ చేసుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు, అదే కష్టంగా అనిపించింది. ఇప్పుడు పొడవు 600 చుక్కలు, కిందికి జరపడానికి బొత్తాలు.

జాగ్రత్త కోసం చేసినవి కూడా రాసి ఉంచుతాను. 98కు భద్రతా సవరణలు 2006 జులైతోనే ఆగిపోయాయి కనుక, ఆ డబ్బా ఇంటి బయటకు వెళ్లకుండా రౌటరులో అడ్డుకట్ట వేశాను. అది చేరగలిగేది ల్యాప్‌టాప్‌ను మాత్రమే. ల్యాప్‌టాప్ కూడా ఇంటి నెట్‌వర్కుకే జవాబిస్తుంది. 98కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నడిచేది గుప్తీకరణ లేని మాట కనుక, బ్యాంకు సంగతి అటుంచి, పాస్‌వర్డు అడిగే ఏ సైటునూ ఇందులో తెరవకూడదని మానిటరు అంచున కాగితం అంటించాను.

డిసెంబరు 1, ఆదివారం

నాన్నగారు ఈ వారం నాలుగు రోజులు దీన్ని వాడారు. మొల్ల మీద వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివారట; మూడో నియమం తీరింది. ఫిర్యాదు ఒకటే. కనిపిస్తున్నది బొమ్మ కనుక అందులోని పద్యాన్ని ఎంచుకుని పేజీమేకరులో వేసుకోలేరు, చూస్తూ కొట్టుకోవాల్సిందే. ఎంచుకోగలిగినా లాభం లేదు, ఎందుకంటే అది యూనికోడ్, ఇక్కడ కావలసింది అను.

ల్యాప్‌టాప్ వైపే ఈ మార్పు కూడా చేసేద్దామని, పుటలోని పాఠాన్ని తీసి, అను సంకేతాల్లోకి మార్చి, సాదా ఫైలుగా 98కు ఇచ్చే చిన్న ప్రోగ్రాము మొదలుపెట్టాను. ఏ ముక్క ఏ స్థానంలో ఉందో నాన్నగారిని అడిగితే చెప్పలేకపోయారు. "చెప్పడం రాదు, కొట్టడం వచ్చు" అన్నారు. అందుకని నేను యూనికోడ్‌లో మాట చదువుతున్నాను, ఆయన యాపిల్ వరుసలో కొట్టి సేవు చేస్తున్నారు, నేను ఆ ఫైలును తెరిచి బైట్లను పట్టికలో రాసుకుంటున్నాను. ఇవాళ 212 అక్షర రూపాలు అయ్యాయి. లక్ష్మి, రాష్ట్రం సరిగా వస్తున్నాయి. స్త్రీలో దీర్ఘం తప్పు చోట పడుతోంది. ఆయన ఆ మాటను మూడుసార్లు కొట్టి చూపించారు, మూడుసార్లూ ఒకే వరుస. పొరపాటు నా పట్టికలోనే ఉంది. వచ్చే ఆదివారం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.